రెండు వందల పద్నాలుగు

పదకొండేళ్లుగా చెబుతున్న పాఠమే.
గుండ్రటి బల్ల, చుట్టూ ఐదుగురు తత్త్వవేత్తలు,
మధ్యలో ఐదే ఐదు ఫోర్కులు.
ఫోర్కుతో అన్నం తిన్నవాళ్లు
మా క్లాసులో ఎవరూ లేరు, నాతో సహా.
అయినా పది మార్కుల ప్రశ్న,
వస్తే వదలకూడదు.

"ఇది యాడ పనికొస్తాది సార్?"
ఆగస్టులో అడిగింది మూడో బెంచీ ఉరుకుందమ్మ.
సిలబస్‌లో ఉందన్నాను.
ఆ పిల్ల నవ్వి ఉంటే బాగుండేది.
నోట్సులో రాసుకుంది.

నవంబరులో ఆదోని పత్తి యార్డు నుంచి ఫోను.
"సార్, మీ తత్త్వవేత్తలు ఈడ కొట్టుకుంటాండారు."
వెనక అరుపులు, లారీ హారను.
వాళ్ల నాయన కౌలుట్లయ్యకు ఈ కిటికీలో
టోకెను రెండు వందల పద్నాలుగు.
కోసిగి నరసప్పకు ఆ కిటికీలో
అదే రెండు వందల పద్నాలుగు.
కాటా ఒకటే.
కంప్యూటరు తప్పు చేయదప్పా, మీలోనే ఎవడో దొంగ
అన్నాడట గుమాస్తా.
"కాదు సార్, తత్త్వవేత్తలు గాదు,
దానికి ముందు పేజీ" అని
తనే దిద్దుకుంది.

బస్సెక్కి ఆరుగురం పోయాం.
రెండు కిటికీలు, రెండు కంప్యూటర్లు,
లోపల ఎక్కడో ఒకటే అంకె.
ఇది చూసేసరికి రెండు వందల పదమూడు,
అది చూసేసరికీ రెండు వందల పదమూడే.
రెండూ ఒకటి కలిపాయి,
రెండూ నిజాయితీగానే కలిపాయి.
బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో ఈ బొమ్మ!
దానికి చెమట వాసన ఉంటుందని,
దాని వల్ల ఒక మనిషి ఇంకో మనిషి అంగీ పట్టుకుంటాడని
తెలియదు నాకు.

కార్యదర్శి గౌస్ మొహిద్దీన్ కుర్చీ ఖాళీ చేసి
కూర్చోండి సార్ అన్నాడు.
కూర్చున్నాను.
ఎవరో రాసి ఎప్పుడో వెళ్లిపోయిన ప్రోగ్రాము,
పేరు లేదు, వివరం లేదు, ఎనిమిది వేల వరసలు.
ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక
కళ్లజోడు తుడుచుకున్నాను, రెండుసార్లు.

అప్పుడు ఫకీరప్ప,
రెండు సబ్జెక్టులు తప్పినవాడు,
రాత్రుళ్లు సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు,
నా చెవి దగ్గర అన్నాడు:
"ముందు ఒక కాపీ తీసి పెట్టుకుందాం సార్."

ఏ యూనిట్‌లో ఉందిరా ఈ మాట!

ఉరుకుందమ్మ గుమాస్తా పక్కన స్టూలేసుకుంది.
"ఏం చేస్తే ఇట్లయింది అన్నా? మళ్లా చేసి చూపీ."
మూడుసార్లు చేయించింది.
నాలుగోసారి దొరికింది.
పగలు మార్చొద్దు, యార్డు ఆగితే మనల్ని తూకమేస్తారు
అని ఎవరో అంటే నవ్వుకుని
చీకటి పడేదాకా ఆగాం.

బయట చూద్దును కదా,
కౌలుట్లయ్య జొన్నరొట్టె విప్పాడు,
నరసప్ప దగ్గర చెనిక్కాయల ఊరిబిండి ఉంది.
తగువు అట్లే ఉంది, చేతులు మాత్రం
ఒకే ఆకులోకి పోతున్నాయి.
ఫోర్కుల ఊసే లేదు.

మార్చింది నాలుగు వరసలు.
వాటికి పట్టింది తెల్లవారుజామున మూడు.
ఈ కిటికీలో ఒకరు, ఆ కిటికీలో ఒకరు,
ఒకటి రెండు మూడు అని అరిచి
ఒక్కసారే నొక్కాలి.
ముప్పై ఒకటోసారి మొత్తం బిగుసుకుపోయింది.
మళ్లీ మొదటికొచ్చాం.
నేల నిండా చీటీలు,
పత్తి పింజలతో కలిసి ఎగురుతూ.
పొద్దున్నే కసువు ఊడ్చే తిమ్మక్క తిట్టింది,
చదువుకున్నోళ్లేనా మీరు అని.

సెమిస్టరు పరీక్ష వచ్చింది.
ప్రశ్న మార్చి ఇద్దామనుకున్నాను,
యార్డు, రెండు కిటికీలు, ఒక అంకె.
సిలబస్ బయటిదని వెనక్కొచ్చింది.
మళ్లీ ఆ ఐదుగురే కూర్చున్నారు బల్ల చుట్టూ.

నలభై మూడు పేపర్లు దిద్దాను.
గుండ్రాలు చక్కగా వేశారు అందరూ.
ఫకీరప్ప బొమ్మ సగంలో ఆగింది.
కింద ఒకటే వాక్యం:
"ఏం మార్చినా ముందు పాతది భద్రంగా పెట్టుకోవాలి."

మార్కుల పట్టికలో ఆ మాటకు గడి లేదు.
ఎర్ర పెన్ను మూత తీసి
ఎంతసేపయిందో,
సిరా ఆరిపోతోంది.